కోట పక్కన ఇందిరమ్మ ఇల్లు: పాత గోడ కూల్చకముందే చూసుకోవాల్సినవి

ఖిలా వరంగల్‌లో కోట గోడల లోపలే ఊరుంది. కీర్తి తోరణాలకు కూతవేటు దూరంలో కాపురాలున్నాయి. ఇలాంటి చోట ఇల్లు మంజూరైందని సంబరపడి పాత పెంకుటిల్లు కూల్చేస్తే అక్కడే ఇరుక్కుంటారు. మంజూరు పత్రం ఇచ్చేది ఒక శాఖ, కట్టుకోవచ్చని చెప్పేది ఇంకో శాఖ. ప్రభుత్వ పథకం ఇల్లయినా మినహాయింపు లేదు.

ముందు మీ ఇంటి దగ్గరున్న చారిత్రక కట్టడం ఏ శాఖదో తేల్చుకోండి. గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) కింద ఉంది. దాని దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర హెరిటేజ్ శాఖవి. ఒకే బస్తీలో రెండు చట్టాలన్నమాట. కింద చెప్పేదంతా ఏఎస్ఐ కట్టడాలకు వర్తించే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ గురించి. రాష్ట్ర కట్టడమైతే 2017 నాటి తెలంగాణ హెరిటేజ్ చట్టం ఉంది, ఆ శాఖనే అడగాలి.

రక్షిత స్థలం (కట్టడంతో పాటు రక్షణలో ఉన్న నేల) హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: టేపు గుడి గోడ నుంచో, తోరణం నుంచో పడతారు. కొలత మొదలయ్యేది రక్షిత స్థలం హద్దు నుంచి. గుడి గోడకు 115 మీటర్లలో మీ ప్లాటుండి, ఆ హద్దు గుడికి 20 మీటర్లు ఇవతలికి వచ్చి ఉంటే, మీరున్నది 95 మీటర్లలో. ఫెన్సింగే హద్దనీ అనుకోవద్దు. ఏఎస్ఐ హైదరాబాద్ సర్కిల్ నుంచి హద్దుల స్కెచ్ తీసుకోండి. ఆర్టీఐ కింద అడిగితే రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా ఫోన్‌లో, ఈ హద్దుల కోసమే ఉన్న స్మారక్ యాప్ చూస్తే ఒక అంచనా వస్తుంది. కొలిచేటప్పుడు గేటు నుంచి కాదు, ప్లాటులో ఆ రక్షిత హద్దుకు దగ్గరగా ఉన్న మూల నుంచి కొలవండి.

100 మీటర్ల లోపలైతే కొత్త ఇల్లు కుదరదు. పాతది కూల్చి అదే కొలతల్లో మళ్లీ కట్టడమూ కుదరదు. మరమ్మతుకు మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చు, అదీ 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత ఏఎస్ఐ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టినదానికి. అందుకే పాత గోడ విలువైనది. అది పడిపోయిందా, మరమ్మతు చేయడానికి ఇల్లే ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ కాగితం, తేదీ ఉన్న ఫొటో ఏది దొరికినా దాచండి. పథకం ఇల్లే కావాలంటే, ముగ్గు పోయకముందే హౌసింగ్ శాఖ ఇంజినీరు(ఏఈ)కి రాతపూర్వకంగా చెప్పి వేరే స్థలం చూపించడం మేలు. మురుగు కాల్వలు, మంచినీటి పైపులు, కరెంటు లైన్లు, పబ్లిక్ టాయిలెట్లను చట్టం నిర్మాణం కింద లెక్కేయదు. బస్తీకి ఇవి అడిగితే "కోట ఉంది కాబట్టి ఇవ్వలేం" అనేవాళ్లకు ఈ ముక్క చూపించండి.

100 దాటి 300 లోపలైతే దారుంది. నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం, ఆన్‌లైన్‌లో ఆ దరఖాస్తులు తీసుకునే నోయాప్స్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. యాజమాన్య పత్రాలు, ప్లాను, ఎలివేషన్ (ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో గీసిన బొమ్మ), స్థలం ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ఎత్తు దగ్గర మేస్త్రీ లెక్క నమ్మకండి: అతను స్లాబు వరకే చెప్తాడు, పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు వదిలేస్తాడు. అన్నీ కలిపిన మొత్తం ఎత్తు రాయండి. చట్టం ప్రకారం రాష్ట్రంలోని అధీకృత అధికారి 15 రోజుల్లో పైకి పంపాలి, అథారిటీ 2 నెలల్లో చెప్పాలి, ఆ తర్వాత నెలలో ఉత్తర్వు రావాలి. గడువులు సాగడమూ ఉంది, అద్దె ఇంటి లెక్క దాన్నిబట్టి వేసుకోండి.

పథకంలో వచ్చే 5 లక్షలు విడతలవారీగా, కట్టినంతకు ఫొటో తీశాకే పడతాయి. మొదటి విడత బేస్‌మెంట్ అయ్యాకే. పునాది మధ్యలో ఏఎస్ఐ పని ఆపించిందంటే ఆ విడతా రాదు, అప్పటిదాకా పెట్టింది సొంత డబ్బే. నోటీసు వచ్చాక రాత్రిపూట పని కానిచ్చేద్దామనుకుంటే అది ఇంకా పెద్ద తప్పు: అనుమతి లేని నిర్మాణానికి 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.