ఎప్‌సెట్ సీజన్‌లో పిల్లల మెయిల్ ఐడీ జాగ్రత్త

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ అయ్యేదాకా ఇంటర్ పిల్లలకు మెయిళ్ల మీద మెయిళ్లు. "మీ సీటు రిజర్వ్ అయింది", "ఈ రాత్రి 12లోపు కడితేనే స్కాలర్‌షిప్" అంటూ పేరు కూడా వినని యూనివర్సిటీలు రాస్తుంటాయి. హనుమకొండలో ఎడ్యుకేషన్ ఫెయిర్‌కు వెళ్లి నింపిన ఫారం, ఉచిత మాక్ టెస్ట్, నెట్ సెంటర్ అప్లికేషన్: ఐడీ బయటికి పోయే దారులు ఇవే.

అక్కర్లేని ప్రచార కాల్స్ ఆపడానికి 1909 నంబరుకు పెట్టే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్)తో ఈ మెయిళ్లు ఆగవు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకే. జంక్ మెయిల్ కోసమే విడిగా చట్టం మన దగ్గర లేదు. విసిగించే మెయిళ్లకు వర్తించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ముందే జాగ్రత్త పడాలి.

అడ్మిషన్ల కోసమే ఒక కొత్త ఐడీ ఇంట్లో, మీ ఫోన్‌లోనే తెరవండి. రికవరీ నంబరు అమ్మదో నాన్నదో ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్లు తొందరలో తమ ఐడీ టైప్ చేసేస్తారు. అప్పుడు అలాట్‌మెంట్ మెయిల్, ఓటీపీ వాళ్లకే పోతాయి. సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీద ఐడీని అక్షరం అక్షరం చదవండి. ఫెయిర్‌లో ఫారం నింపేటప్పుడు, జీమెయిల్ అయితే ఐడీలో అట్ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి ఆ ఫెయిర్ పేరు చేర్చండి. మెయిల్ మీకే వస్తుంది, ఎవరు బయటపెట్టారో కూడా తెలుస్తుంది. కొన్ని ఫారాలు ప్లస్‌ను తీసుకోవు.

తెలిసిన కాలేజీ అయితే జీమెయిల్‌లో పంపినవారి పేరు పక్కనుండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. తెలియని వాళ్ల మెయిల్ లోపలి లింకు మాత్రం వద్దు: నొక్కితే ఈ ఐడీ వాడకంలో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, తర్వాత స్పామ్‌గా రిపోర్ట్ చేయండి. ఫిర్యాదుకు అదే సాక్ష్యం.

ఇక చట్టం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. 18 నిండని వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు పంపకూడదు. ఇంటర్ పిల్లల్లో చాలామందికి 17 ఏళ్లే కదా, ఇది వాళ్లకు పెద్ద అండ. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థల ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు, పైన చెప్పినవీ ఆ గడువు తర్వాతే అమలు. అప్పటిదాకా కూడా "మా వివరాలు తొలగించండి, ఎక్కడ తీసుకున్నారో చెప్పండి" అని మెయిల్‌లోనే రాసి పెట్టుకోండి.

"నూటికి నూరు ప్లేస్‌మెంట్" లాంటి అబద్ధపు ప్రకటన మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల దాకా జరిమానా పడుతుంది.

మోసపు మెయిల్ నమ్మి డబ్బు కట్టేస్తే ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపించాలి. యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు లావాదేవీ నంబరు), సమయం, మీ బ్యాంకు పేరు చేతిలో పెట్టుకోండి. వేరేవాళ్లలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటాయి.