ముడుపు డబ్బు, చేతి డబ్బు (కష్టకాలంలో సంస్థ నడపడం: 5వ పాఠం)

ఈసారి దాతలకు ఉత్తరం రాయడం నేర్చుకుందామని కిందటి పాఠం చివర చెప్పాను. అది వాయిదా పడింది. తప్పు సగం మీది, సగం నాది.

నాలుగో పాఠంలో ఒక లెక్క ఇచ్చాను కదా. ఇవాళ్టి నుంచి కొత్తగా ఒక్క రూపాయి రాకపోతే మీ సేవా సంస్థ ఎన్ని నెలలు నడుస్తుంది? బ్యాంకు నిల్వను నెల ఖర్చుతో భాగించమన్నాను. జవాబులు వచ్చాయి. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఎవరిని చూసినా ఏడు నెలలు, తొమ్మిది నెలలు. ఒకరైతే ఏడాదిన్నర. ఇంత నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఈ పాఠాలు ఎందుకు చదువుతున్నారా అనుకుని, పాస్‌బుక్కు ఫొటోలు పంపమన్నాను. అప్పుడు తెలిసింది. ‘బ్యాంకు నిల్వ’ అని నేను రాసిన మాటే కొంప ముంచింది.

సోంపేట వైపు సాయంత్రపు బడులు నడిపే ఒక సంస్థ లెక్క చూడండి. పేరు చెప్పను, అంకెలు కొంచెం మార్చాను. నిల్వ 4,62,000. నెల ఖర్చు 58,000. భాగిస్తే దాదాపు ఎనిమిది నెలలు. భాగహారంలో తప్పేమీ లేదు.

“ఏటి మాస్టారూ, పాస్‌బుక్కులో ఉన్నాయి కదండీ, తప్పంటారేటి?” అన్నారు కార్యదర్శి గారు ఫోనులో.

ఉన్నాయి. నా లాకరులో మా చెల్లెలి నగలు కూడా ఉన్నాయి.

ఆ 4,62,000లో ఏముందో ఆవిడ చేతే ఒక్కొక్కటి చెప్పించాను. బడుల్లో మరుగుదొడ్ల కోసం ఒక కంపెనీ ఇచ్చిన సీఎస్ఆర్ సొమ్ములో, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బులో, మిగిలింది 2,40,000. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు భార్య పేరు మీద ఆడపిల్లల స్కాలర్‌షిప్పులకు ఇచ్చింది 75,000. అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడమని ఒకరు ఇచ్చిన మూలధనం 50,000. రెండు నెలల అద్దె, ఆడిటరు ఫీజు కలిపి ఇవ్వాల్సిన బాకీ 22,000. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 75,000. దాన్ని 58,000తో భాగించండి. ముప్పై తొమ్మిది రోజులు.

ఎనిమిది నెలలు కాస్తా నలభై రోజులైంది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే మా అమ్మమ్మ ఒక రూపాయి బిళ్ళ పసుపు గుడ్డలో కట్టి అరసవల్లి స్వామికి మొక్కుకునేది. ఆ తర్వాత ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఆ ముడి విప్పేది కాదు. పక్కింటికి వెళ్ళి చేబదులు తెచ్చేది. రూపాయి ఇంట్లోనే ఉంది, దూలానికి వేలాడుతూ కళ్ళ ముందే ఉంది, కానీ ఇంటిది కాదు. ఇంత పెద్ద అకౌంటింగ్ సూత్రం చదువు రాని ఆవిడకు తెలుసు. ఎమ్‌కామ్‌లు చదివిన మన కోశాధికారులకు మార్చి నెల వచ్చేసరికి గుర్తుండదు.

కాబట్టి ఈ పాఠాల్లో ఇక నుంచి రెండే పేర్లు. ఫలానా పనికి అని ఇచ్చింది ముడుపు డబ్బు. ఏ పనికైనా వాడుకోండి అని ఇచ్చింది చేతి డబ్బు. అద్దె, కరెంటు బిల్లు, జీతాలు, ఆడిటరు, బస్సు ఛార్జీలు నడిచేది చేతి డబ్బుతోనే. ఎన్ని నెలలు బతుకుతాం అన్న లెక్క కూడా చేతి డబ్బు మీదే వేయాలి.

ఒక మినహాయింపు ఉంది. ముడుపు డబ్బులోనే కొంత జీతానికి వాడుకోవచ్చని ఒప్పందంలో రాసి ఉంటే, ఆ మేరకు నెల ఖర్చు తగ్గుతుంది. సోంపేట వాళ్ళకు మరుగుదొడ్ల పని చూసే సూపర్‌వైజరు జీతం 12,000 ఆ సీఎస్ఆర్ సొమ్ము నుంచే ఇవ్వొచ్చని రాసి ఉంది. అంటే చేతి డబ్బు మీద పడే భారం నెలకు 46,000. డెబ్బై అయిదు వేలకు నలభై తొమ్మిది రోజులు వస్తాయి. పది రోజులు కలిసొచ్చాయి. ఒప్పందం కాగితం తీసి చదివితే వచ్చిన పది రోజులు అవి. చాలామంది ఆ కాగితాన్ని సంతకం పెట్టిన రోజు తర్వాత మళ్ళీ తెరవరు.

“ఎవరూ ఫలానా పనికి అని చెప్పలేదండీ, రసీదు మీద ఆ గడి ఖాళీగానే ఉంది” అని ముగ్గురు రాశారు. రసీదు ఖాళీగా ఉంటే సరిపోదు. మీరు వాట్సాప్‌లో తిప్పిన పోస్టరు మీద ఏముంది? ‘పిల్లల నోటుపుస్తకాల కోసం’ అని ఉంటే, దాన్ని చూసి వచ్చిన ప్రతి రూపాయీ నోటుపుస్తకాల ముడుపే. పోస్టరు కూడా మీరిచ్చిన మాటే. అందుకే పోస్టరు కింద ‘పుస్తకాలకు సరిపోగా మిగిలింది బడుల నిర్వహణకు వాడతాం’ అని ఒక్క వాక్యం చేర్చండి. నేను ఏ పోస్టరైనా ఆ వాక్యం లేకుండా బయటికి పంపనివ్వను. అందం చెడిపోతుందని డిజైన్ చేసే కుర్రాళ్ళు గొడవ పెడతారు. పెట్టనివ్వండి.

కొన్ని ముడుపులకు ముడి వేసేది దాత కాదు, చట్టం. విదేశీ విరాళాలు వచ్చే సంస్థలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువే అయినా చెప్పాలి. ఆ డబ్బు స్థానిక విరాళాలతో కలవకూడదు. 2020లో చట్టం మార్చాక అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఆఫీసు నిర్వహణ ఖర్చుకు 50 శాతం దాకా ఉన్న వెసులుబాటు 20 శాతానికి దిగింది, ఒక సంస్థ తీసుకున్న సొమ్మును ఇంకో సంస్థకు పంచడం ఆగిపోయింది. ఈ మూడోదే మనల్ని దెబ్బ కొట్టింది. హైదరాబాదులోని పెద్ద సంస్థలు తెచ్చి మనలాంటి చిన్నవాళ్ళకు పంచే దారి మూసుకుపోయింది. ఇక సీఎస్ఆర్ సొమ్ము చెప్పిన పనికే ఖర్చయిందని కంపెనీ ఆర్థికాధికారి తమ బోర్డుకు ధ్రువీకరణ ఇవ్వాలి. ఆయన సంతకం మీ వోచర్ల మీద ఆధారపడి ఉంది. ఆయన మీకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడంటే పొగరు కాదు, టెన్షన్.

ఇంత చెప్పాక కూడా ఒక మాట వినిపిస్తుంది నాకు. “తర్వాత సర్దేద్దాం.” ఈ ‘సర్దుబాటు’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అది నేనూ వాడాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు నేనొక చిన్న సంస్థకు కోశాధికారిని. హైదరాబాదులో పనిచేసుకునే మన ఊళ్ళవాళ్ళు టార్పాలిన్లకు, బియ్యానికి డబ్బు పంపారు. పంచాం, పగలూ రాత్రీ తిరిగి పంచాం. అన్నీ అయ్యాక ముప్పై వేల పైచిలుకు మిగిలింది. ఆఫీసు అద్దె, ఇద్దరి జీతాలు అప్పటికే ఆగి ఉన్నాయి. అంతా సేవే కదా అని ఇచ్చేశాను. దొంగతనం చేయలేదు, ఇంటికి తీసుకెళ్ళలేదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఆ కుర్రాళ్ళు ఆఫీసుకు వచ్చారు. “మాస్టారూ, మిగిలిన డబ్బుతో ఇంకో నలభై ఇళ్ళకు టార్పాలిన్లు ఇద్దామా?” అని అడిగారు. నేను తల దించుకుని నిజం చెప్పాను. వాళ్ళు ఒక్క మాట అనలేదు. టీ తాగి వెళ్ళారు. మరుసటి ఏడాది వాళ్ళ విరాళం వేరే సంస్థకు వెళ్ళింది.

నవంబరులోనే ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ముడి వేసినవాళ్ళు విప్పొచ్చు, మనం విప్పకూడదు. అంతే తేడా. అడగడం ఎలాగో చూడండి:

“అయ్యా, నోటుపుస్తకాలకు మీరిచ్చిన 40,000లో 27,500 ఖర్చయింది, బిల్లులు జత చేశాం. మిగిలిన 12,500ను ఈ రెండు నెలలు బడుల టీచర్ల జీతానికి వాడుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాం. వద్దంటే జూన్ పుస్తకాలకు అలాగే ఉంచుతాం.”

ఆ చివరి వాక్యం ముఖ్యం. దాతకు వద్దనే దారి ఉండాలి. జవాబు వాట్సాప్‌లో వచ్చినా ప్రింటు తీసి రసీదు పుస్తకంలో అంటించండి. నా అనుభవంలో చాలామంది సరే అంటారు. మౌనాన్ని మాత్రం అనుమతిగా తీసుకోకండి. కంపెనీల దగ్గరైతే ఇంత తేలిగ్గా అవ్వదు, ఒప్పందం సవరించాలి, నెలలు పడుతుంది. ఆశ పెట్టుకోవద్దు.

ఖాతాలు ఎన్ని తెరవాలి అని కొందరు అడిగారు. విదేశీ డబ్బుకు వేరే ఖాతా తప్పనిసరి. మిగతా వాటికి నేనైతే రెండే వాడతాను, ముడుపులన్నిటికీ ఒకటి, చేతి డబ్బుకు ఒకటి. పని పనికీ ఖాతా తెరిస్తే కొన్ని బ్యాంకుల్లో కనీస నిల్వ జరిమానాలే తినేస్తాయి. ముడుపుల ఖాతాలో ఎవరిది ఎంతో లాంగ్ నోటుబుక్కులో దాతకో పేజీ. కంప్యూటర్ అంటే నాకు భయం లేదు, కానీ ఎర్ర సిరాతో రాసిన పేజీ కమిటీ సభ్యులకు అర్థమైనంతగా ఎక్సెల్ షీటు అర్థం కావడం నేను చూడలేదు.

సరే, నలభై తొమ్మిది రోజులే ఉన్నాయని తెలిసింది. ఏం చేయాలి? వృథా ఖర్చులు ఆపడం మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటి. జీతం ఆలస్యమవుతుందని తెలిసిన రోజే టీచర్లను కూర్చోబెట్టి పాస్‌బుక్కు చూపించండి. ఒకటో తారీకు దాటాక బజారులో తెలిస్తే మనిషి వెళ్ళిపోతాడు. ఇంకోటి, కష్టం రాగానే అందరూ మొదట కోసేది ఊళ్ళ తిరుగుడు. పెట్రోలు మిగులుతుంది, నిజమే. కానీ ఊళ్ళోకి వెళ్ళనివాడికి దాతకు చెప్పడానికి కొత్త సంగతి ఏముంటుంది?

చేతి డబ్బు పెరగాలంటే పెద్ద దాతల వెంట పడకండి. పెద్ద మొత్తం ఎప్పుడూ ముడితోనే వస్తుంది. ఊరి మీద మమకారం ఉన్న వంద మంది నెలకు రెండొందలు ఇస్తే 20,000. సోంపేట వాళ్ళ భారంలో అది సగానికి కాస్త తక్కువ. యూపీఐలో ఆటోపే పెట్టించండి, నెల నెలా అడిగే ఇబ్బంది ఉండదు. దీనికి సంక్రాంతిని మించిన కాలం లేదు, వలస వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళో ఉంటారు. విజయనగరం వాళ్ళకు సిరిమానోత్సవం రోజులు కూడా. నూర్పుళ్ళయ్యాక రైతులను డబ్బు అడక్కండి, బస్తా బియ్యం అడగండి. హాస్టలు నడిపేవాళ్ళకు అది చేతి డబ్బుతో సమానం.

విరాళం ఇస్తే దాతకు వచ్చే 80జీ పన్ను రాయితీతో మాట మొదలుపెట్టే అలవాటు కూడా మానండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ రాయితీ లేదు, ఉద్యోగుల్లో చాలామంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. పాత విధానంలో ఉన్నవాళ్ళకైనా 2,000 దాటిన నగదుకు రాదు. రాయితీ ఆశ చూపించి, ఆడిటరు కాదన్నాక మొహం చాటేయడం కంటే, అడిగినప్పుడు చెబితే చాలు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, పది రోజులు తీసుకోండి. గత ఇరవై నాలుగు నెలల రసీదులు, ఆ కాలంలో తిప్పిన పోస్టర్లు, ఒప్పందాలు ముందు పెట్టుకోండి. మిగిలి ఉన్న ప్రతి రూపాయినీ ముడుపా, చేతి డబ్బా తేల్చండి. ఎటూ తేలకపోతే ముడుపు కిందే రాయండి. ఇదివరకు ‘సర్దేసిన’ ముడుపులు బయటపడితే అవి బాకీ కింద రాయాలి, దాచొద్దు. కోశాధికారి ఒక్కరే చేస్తే ఒప్పుకోను, కమిటీలో ఇంకొకరు పక్కన కూర్చోవాలి. తర్వాత నాలుగో పాఠం లెక్క మళ్ళీ వేసి, నెలల్లో కాకుండా రోజుల్లో రాయండి.

రెండోది చిన్నది. కిందటేడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వని పది మందికి ఫోన్ చేయండి. డబ్బు ఊసెత్తకుండా వాళ్ళిచ్చిన దానితో ఏం జరిగిందో చెప్పి పెట్టేయండి. సాయంత్రం ఏడు తర్వాతైతే ఫోన్ ఎత్తుతారు. వాళ్ళు ఏమన్నారో రాసి ఉంచుకోండి, వాయిదా పడిన ఉత్తరం పాఠానికి అదే ముడిసరుకు.

పాస్‌బుక్కు ఫొటోలు పంపేటప్పుడు ఖాతా నంబరు మీద వేలు పెట్టి తీయండి. కిందటిసారి సగం మంది పెట్టలేదు.