రేకు మార్చే ముందు గచ్చు చూడండి: పెరటి వడ్రంగి షెడ్డులో సమస్యలు, పరిష్కారాలు

కోనసీమలోనైనా, భీమవరం, పాలకొల్లు వైపైనా కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు వేసుకుని వడ్రంగం మొదలుపెట్టినవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులు ఇంచుమించు ఒక్కటే. చిత్రిక పట్టడం, ఉలి నూరడం వచ్చనే అనుకుని, షెడ్డు సంగతి మాత్రమే రాస్తున్నాం.

సమస్య: ఉలులు, చిత్రిక బ్లేడు, మిషను బల్ల రాత్రికి రాత్రే తుప్పు పడుతున్నాయి. తెల్లవారేసరికి రేకు నుంచి చుక్కలు రాలుతున్నాయి.

అందరూ మొదట చేసేది రేకు మీదికి ఎక్కడం. స్క్రూల చుట్టూ సీలెంట్ రాస్తారు, రబ్బరు వాషర్లు మారుస్తారు, కొందరైతే రేకులే మార్చేస్తారు. వారం తిరక్కుండా చుక్కలు మళ్లీ మొదలవుతాయి. నిచ్చెన వేసే ముందు ఒక్క విషయం గుర్తు చేసుకోండి: చుక్కలు పడింది ఏ రాత్రి? వాన కురిసిన రాత్రి, స్క్రూ దగ్గరో రేకుల అతుకు దగ్గరో ఒకేచోట పడితే అది కారడమే. వాషర్ మారిస్తే పోతుంది.

వాన జాడ లేదు, ఆకాశం తేటగా ఉంది, అయినా రేకు పొడవునా చెమట పట్టి, పట్టీల వెంట జారి పడుతోంది అంటే ఆ నీళ్లు బయటివి కావు. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. షెడ్డులోని తేమ గాలి దానికి తగిలి నీరవుతుంది. ఇనుప బల్ల మీద, ఉలి మీద జరిగేదీ అదే. 28 డిగ్రీల గాలిలో తేమ 85 శాతం ఉంటే, 25 డిగ్రీలకు దిగిన ఏ వస్తువుకైనా చెమ్మ పడుతుంది. మూడు డిగ్రీల తేడా చాలు.

తలుపులు మూసిన షెడ్డులోకి అంత తేమ ఎక్కడిది? సముద్రపు గాలి అని సరిపెట్టుకుంటారు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తుప్పును పెంచే మాట నిజమే. కానీ బయట ఆరుబయట పడేసిన గునపానికన్నా లోపల దాచిన ఉలికి ముందు తుప్పు పడుతోందంటే కారణం లోపలే ఉంది. అది మీ కాళ్ల కింది గచ్చు.

ఈ కారణం ఇన్నాళ్లు దొరక్కుండా తప్పించుకోవడానికి మన కాలువలే కారణం. షెడ్డు కట్టేది ఎప్పుడు? దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవిలో. అప్పుడు బావిలో నీళ్లు దిగిపోయి ఉంటాయి, నేల బీటలు వారి ఉంటుంది, పోసిన గచ్చు నాలుగు రోజుల్లో తెల్లగా ఆరిపోతుంది. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదులుతారు. సార్వా (మొదటి పంట) నాట్లు పడతాయి, చుట్టూ చేలల్లో నీళ్లు నిలుస్తాయి, కింద ఊటనీరు పైకొస్తుంది. నల్లరేగడి, ఒండ్రు మట్టి మెత్తటి రేణువులవి. దీపంలో వత్తి నూనె లాగినట్టు నీటిని పైకి లాగుతాయి. కాంక్రీటు ఆ నీటిని కొంత నిలవరిస్తుందేమో గానీ ఆవిరిని ఆపదు. వచ్చిన చెమ్మ వచ్చినట్టే గాలిలో కలిసిపోతుంది కాబట్టి గచ్చు పైకి పొడిగానే కనిపిస్తుంది. చెయ్యి పెట్టి చూసి "పొడిగానే ఉందండీ" అంటారు. మోసం అక్కడే ఉంది. గచ్చు మీద పరిచిన రబ్బరు మ్యాట్‌నో, గోడకు ఆనించిన ప్లైవుడ్ అడుగునో ఎత్తి చూడండి. నల్లటి మరక, ముక్క వాసన ఉంటాయి.

పరీక్ష. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, అయినా ఎక్కువమంది చెయ్యరు. మందపాటి పారదర్శక పాలిథిన్ కాగితం అడుగున్నర చదరం ముక్క కోసి, గచ్చు తుడిచి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. ఎండ పడని చోట 24 గంటలు వదిలేయండి. కాగితం అడుగున నీటి బిందువులున్నా, కింద గచ్చు నల్లబడినా చెమ్మ నేలలోంచి వస్తున్నట్టు. కాగితం పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోది. మధ్యలో ఒకటి, గోడ వారన ఒకటి, కొబ్బరి పాదు ఉన్న వైపు ఒకటి, మొత్తం మూడు చోట్ల పెట్టండి. ఇదంతా ఆగస్టు నుంచి నవంబరు మధ్యలోనే చెయ్యాలి. మే నెలలో చేసి "ఏమీ లేదు" అనుకుంటే ఆ పరీక్ష చెయ్యనట్టే లెక్క.

కొత్తగా కట్టేవాళ్లు 10 అడుగులకు 12 అడుగుల షెడ్డు అనుకుంటే ఈ లెక్క పనికొస్తుంది. గచ్చు మట్టం చుట్టూ నేలకన్నా కనీసం అడుగున్నర ఎత్తుండాలి. మెరక మట్టితో కాకుండా ఇసుకతో నింపి దిమ్మిస కొట్టండి. దాని మీద పొడి లేని 40 ఎంఎం కంకర 6 అంగుళాలు, అంటే 60 ఘనపుటడుగులు. కంకర ముక్కల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి నీరు వాటిని దాటి పైకి పాకలేదు. కంకర మొనలు గుచ్చుకోకుండా 2 అంగుళాల ఇసుక పరిచి, 250 మైక్రాన్ల నల్ల పాలిథిన్ వెయ్యండి. 14 అడుగులకు 16 అడుగుల ముక్క తీసుకుంటే గోడల మీదికి మడవడానికి చుట్టూ రెండడుగులు మిగులుతుంది. అతుకు తప్పకపోతే అడుగు మేర ఒకదానిపై ఒకటి వేసి టేపు అంటించండి. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు, 1:1.5:3 పాళ్లలో: 9 బస్తాల సిమెంటు, 17 ఘనపుటడుగుల ఇసుక, 34 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర. మేస్త్రి "పాలిథిన్ ఎందుకండీ, వాటర్‌ప్రూఫ్ మందు కలుపుదాం" అంటాడు. మందు కలపనివ్వండి, పాలిథిన్ మాత్రం వదలొద్దు. కాంక్రీటు పోసేటప్పుడు పారతో కాగితం చిరగకుండా పక్కనే నిలబడి చూసుకోండి. ఒక్క చిరుగు చాలు.

ఇటుక గోడైతే గచ్చు మట్టం దగ్గర చెమ్మ ఆపే పొర కూడా ఉండాలి. లేకపోతే గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర పూస్తుంది, సున్నం పెచ్చులూడుతుంది, గచ్చు ఎంత బాగా పోసినా చెమ్మ గోడలోంచి ఎక్కుతుంది.

ఉన్న గచ్చు పగలగొట్టకుండా కూడా మార్గముంది. గచ్చు మీదే 250 మైక్రాన్ల పాలిథిన్ పరిచి, గోడల మీదికి 6 అంగుళాలు లేపండి. దాని మీద 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ రెండు వరసలు, కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకుండా. 10 బై 12కి ఎనిమిది 8 బై 4 షీట్లు సరిపోతాయి. రెండు వరసలను 20 ఎంఎం స్క్రూలతో ఒకదానికొకటి బిగించండి. గచ్చులోకి మాత్రం బిగించొద్దు, పాలిథిన్‌కు బెజ్జం పడితే చేసిన పనంతా వృథా. గోడ చుట్టూ 10 ఎంఎం ఖాళీ వదలండి, వానాకాలంలో ప్లై ఉబ్బుతుంది. తలుపు అడుగున అంగుళం కోయాల్సి రావచ్చు.

చెమ్మ గచ్చు మీద ఎపాక్సీ రంగు వెయ్యొద్దు, బుడగలెత్తి ఊడుతుంది. టైల్స్ వేసినా అతుకుల్లోంచి చెమ్మ వస్తూనే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా గచ్చు సరిచేశాకే. ముందే పెడితే నేలలోంచి వచ్చే చెమ్మకు అంతుండదు.

గచ్చుతో పాటు చుట్టుపక్కల కూడా చూడండి. గోడ పక్కనే కొబ్బరి పాదు ఉండి రోజూ నీళ్లు పెడుతుంటే ఆ నీళ్లు ముందు పునాదికే చేరతాయి. గోడకూ పాదు అంచుకూ కనీసం ఆరడుగుల దూరం ఉండాలి. చూరు గోడ దాటి రెండడుగులు బయటికి రావాలి, తూము పెట్టి నీళ్లను దూరంగా వదలాలి. కాయలు రాలే చెట్టు కింద సిమెంటు రేకు వద్దేవద్దు.

గచ్చు సరయ్యాక కూడా డిసెంబరు, జనవరి మంచు ఉదయాల్లో తలుపులు బార్లా తెరవకండి. రాత్రంతా చల్లబడిన ఇనుముకు తేమ గాలి తగిలితే బల్ల తడిసిపోతుంది. కాస్త పొద్దెక్కాక తెరవండి. మిషను బల్లకు నూనె కన్నా మైనం మంచిది, చెక్కకు మరక అంటదు. ఉలులకు మిషను నూనె పూసి తలుపులున్న బీరువాలో పెట్టండి.

సమస్య: సాఫుగా చిత్రిక పట్టిన పలక మర్నాటికి వంకర పోయింది.

పలకను గచ్చు మీద పడుకోబెట్టారా, బల్ల మీద వెల్లకిలా వదిలారా? ఒక పక్కే ఆరితే వంగక ఏం చేస్తుంది! రెండు వైపులా సమంగా తియ్యండి, అంచు మీద నిలబెట్టండి. దొంతర పెట్టేటప్పుడు అడుగున దిమ్మలు, పలకల మధ్య అడుగున్నరకొక అంగుళం పుల్ల. తేమ మీటరుతో చూసుకోండి: 85 శాతం తేమ గాలిలో చెక్క 17 శాతం దగ్గర నిలుస్తుంది, ఏసీ గదిలో 10కి దిగుతుంది. ఆ తేడాకు అడుగు వెడల్పు టేకు పలక మూడు నాలుగు ఎంఎం తగ్గుతుంది. అందుకే వెడల్పాటి పలకను అడ్డంగా బిగించి కట్టేయకూడదు, కదలడానికి చోటివ్వాలి.

సమస్య: మిషను ఆన్ చేస్తే మూలుగుతుంది, చెక్క తగలగానే ఆగిపోతుంది.

మోటారు విప్పే ముందు తీగ చూడండి. ఇంటి నుంచి షెడ్డుకు 30 మీటర్లు 1 చదరపు ఎంఎం తీగ లాగితే రానూపోనూ దాని నిరోధం ఒక ఓం దాటుతుంది. 8 ఆంపియర్లకు 9 వోల్టులు పోతాయి. మోటారు మొదలయ్యే క్షణంలో 40 ఆంపియర్లు లాగితే 40 వోల్టులకు పైగా పోతాయి, మోటారు ఎలా లేస్తుంది? 4 చదరపు ఎంఎం రాగి తీగ వేస్తే ఆ నష్టం 11 వోల్టులకు దిగుతుంది. మిషను నడుస్తుండగా షెడ్డు సాకెట్ దగ్గరే మీటరు పెట్టి కొలవండి, ఇంట్లో కొలిస్తే తెలియదు. నేల చెమ్మగా ఉండే చోటు కాబట్టి సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకుండా ఒక్క మిషనూ తిప్పొద్దు. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

తీగ బాగుండీ మూలిగితే కెపాసిటర్ మార్పించండి. బేరింగ్, వైండింగ్ పోతే అవి మెకానిక్ చూసుకుంటాడు. ఇక చెదలు: గోడ అడుగున మట్టి గీతలు కనబడితే మందు కొట్టించండి. ప్లై గచ్చు వేసినవాళ్లు గోడ వారన పాలిథిన్ అంచును చెక్కతో కప్పెయ్యకుండా వదిలితే ఆ గీతలు మొదట్లోనే కంటపడతాయి.