నీతి బోధ చాలదా? యువజన కూడికలో ఈ ప్రశ్న వస్తే ఏం చేయాలి

డిసెంబరు వచ్చిందంటే హనుమకొండలోని మా యువజన కూడికలో ఎవరో ఒకరు అడిగి తీరుతారు: "అక్కా, యేసు చెప్పిన నీతి బోధ, కొండమీది ప్రసంగం పాటిస్తే చాలదా? ఆయన కన్యకు పుట్టాడని నమ్మకపోతే క్రైస్తవులం కామా?" కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలున్న చోట ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. వెంటనే జవాబు చెప్పకండి. చెప్పారా, గది రెండు జట్లుగా చీలిపోతుంది, బైబిళ్లు మూసే ఉంటాయి.

ముందుగా మార్కు సువార్త తెరిపించండి. అందులో పుట్టుక ప్రస్తావనే లేదు. యేసు నేరుగా బాప్తిస్మానికి యొర్దానుకు వస్తాడు. పుట్టుక కథ చెప్పినవి మత్తయి, లూకా మాత్రమే. ఈ సంగతి దాచకండి, రేపు ఏ యూట్యూబ్‌లోనో చూసి మనల్నే నిలదీస్తారు. తరువాత మనం ఆరాధనలో చెప్పుకునే అపొస్తలుల విశ్వాస ప్రమాణం నెమ్మదిగా చదివించండి. కన్య మరియకు పుట్టాడన్న మాట నుంచి ఒక్క అంగలో యేసుకు సిలువ శిక్ష వేసిన రోమా అధికారి పొంతి పిలాతు దగ్గరికి వెళ్లిపోతుంది. నడుమ బోధ ఊసే లేదు! ప్రతి ఆదివారం అప్పజెప్పే వాళ్లకే ఇది తట్టదు.

బోధ ఒక్కటి ఉంచుకుందామన్న ఆలోచన కొత్తది కాదని కూడా చెప్పండి. 1820లో కలకత్తాలో రాజా రామ్మోహన్ రాయ్ సువార్తల నుంచి యేసు నీతి వాక్యాలను ఏరి పుస్తకం వేశారు, అద్భుతాలను వదిలేశారు. శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ దాన్ని గట్టిగా ఖండించారు, వాదం ఏళ్ల తరబడి సాగింది.

ఇప్పుడు తలా ఒక పెన్సిలు ఇచ్చి ఆ పని పిల్లల చేతే చేయించండి. మార్కు మూడో అధ్యాయం, విశ్రాంతి దినాన యేసు ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ని బాగుచేసిన సంగతి. అద్భుతం ఉన్న మాటలు కొట్టేయమనండి. విశ్రాంతి దినాన మేలు చేయడం ధర్మమా, కీడు చేయడం ధర్మమా అన్న ప్రశ్న మిగులుతుంది, చెయ్యి మాత్రం అలాగే ఉండిపోతుంది. మేలు చేయమన్నవాడు ఏ మేలూ చేయకుండా వెళ్లిపోయినట్టవుతుంది. ఇక ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యులకు ఆయన మీద అంత కోపం దేనికి?

నాకు ఇంకా ఇష్టమైనది మత్తయి మొదటి అధ్యాయం, 19వ వచనం. ఇక్కడ తొందరపడకండి. మరియ గర్భవతి అని తెలిసింది. ఆమెకు ప్రధానమైన యోసేపు ఆమెను పదిమందిలో అవమానపరచకుండా రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. కలలో దూత కనబడింది ఆ తరువాత, 20వ వచనంలో. అంటే తాను మోసపోయానని అనుకుంటున్నప్పుడే అతను ఆమె పరువు కాపాడాలనుకున్నాడు. మన వాడల్లో ఇలాంటి మాట పుడితే ఆ పిల్లకు ఏ గతి పడుతుందో అమ్మాయిలను అడగండి, వాళ్లే చెబుతారు. అద్భుత జననమని మనం పక్కన పెట్టే కథలో నీతి ఇంత ఉంది.

అయితే అన్ని అద్భుతాలనూ ఒకే తూకం వేయకండి. అపొస్తలుడైన పౌలు యేసు పుట్టుక గురించి గలతీయులకు రాసింది "స్త్రీయందు పుట్టి" అన్నంత వరకే. పునరుత్థానం దగ్గర మాత్రం రాజీ లేదు: క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని కొరింథీయులకు తెగేసి చెప్పాడు. ఆ మాటను మెత్తబరచకుండా చదివించండి. నచ్చని వాళ్లు పౌలుతోనే వాదించుకుంటారు.

చివర్లో ఎవరు నమ్ముతారో చేతులెత్తమని అడగవద్దు. నమ్మకం కుదరనివాళ్లు ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారంలో) పాలు పొందవచ్చా అని అడిగితే నలుగురిలో తేల్చకుండా పాస్టరుగారి దగ్గరికి పంపండి. ఆయనకు ఈ పాఠం సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే సోమవారం పొద్దున్నే ఎవరో ఒకరి తల్లి ఫోను చేస్తుంది.