ఊరి ఇంటర్నెట్‌కి టెండర్ వేస్తున్నారా? ఆ ఒక్క కాగితం ముందు చూసుకోండి

ఊళ్లో అందరికీ పనికొచ్చే బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ వేయమని మునిసిపాలిటీయో, పంచాయతీయో ప్రతిపాదనలు పిలిస్తే, మన శ్రీకాకుళం వైపు ముందు కదిలేది కేబుల్ ఆపరేటర్లే. ఏ సందులో ఏ స్తంభం ఉందో వాళ్లకి కళ్లు మూసుకున్నా తెలుసు. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు వైర్ల మీదే పడ్డాయి. అంత నష్టం చూసి కూడా ఈ వృత్తిలో నిలబడ్డవాళ్లున్నారు. అలాంటివాళ్లు సరైన ఇంటర్నెట్ లైసెన్సు కాగితం లేక, అర్హతలు చూసే టెక్నికల్ కవర్ తెరిచిన రోజే పోటీలోంచి పడిపోయి ఇంటికి తిరిగి రావడం చూసి ఇది రాస్తున్నాను.

మామూలు పనులు మీకు తెలిసినవే. నోటీసు చివరి ఫారం దాకా చదవాలి, క్లాస్-3 డిజిటల్ సంతకం తీసుకోవాలి, ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ధరావతు కట్టాలి, టెక్నికల్ కవరూ ధరల కవరూ విడివిడిగా ఎక్కించాలి. సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద, అది అసలుదో కాదో సరిచూసుకునే యూడీఐఎన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. చిన్న వ్యాపారాలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. డిజిటల్ సంతకం ఉండే టోకెన్‌ని (పెన్‌డ్రైవ్ లాంటిది), పాస్‌వర్డ్ చీటీతో సహా నెట్ సెంటర్‌లో వదిలేసి వచ్చేవాళ్లున్నారు. అది ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే.

ఇక అసలు చిక్కు. పలాస వైపు ఆపరేటర్ ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా ఒక సర్టిఫికెట్ తీసి చూపించాడు. పోస్టాఫీసు గుండ్రటి ముద్ర, మడతల దగ్గర టేపు. "ఇన్నేళ్లుగా నా లైసెన్సు ఇదే బాబూ" అన్నాడు. నిజమే, కానీ అది టీవీ చానళ్లకి. ఆ రిజిస్ట్రేషన్ కూడా 2025 జనవరి నుంచి పోస్టాఫీసులో చేయడం లేదు. సమాచార, ప్రసార శాఖ వారి బ్రాడ్‌కాస్ట్ సేవ పోర్టల్‌లోనే చేసుకోవాలి. ఫీజు 5,000 రూపాయలు, గడువు 5 ఏళ్లు. అది చేతిలో ఉన్నా ఇంటర్నెట్ అమ్మే హక్కు మాత్రం రాదు.

ఇంటర్నెట్‌కి టెలికాం శాఖ లైసెన్సు కావాలి. అందులో మూడు రకాలు: 'ఏ' కేటగిరీ దేశమంతటికీ, 'బీ' ఒక టెలికాం సర్కిల్‌కి (సుమారు ఒక రాష్ట్రం అంత), 'సీ' సుమారు ఒక జిల్లా అంత ప్రాంతానికి. అది లేనివాళ్లు లైసెన్సు ఉన్న కంపెనీతో ఒప్పందం చేసుకుని పనిచేస్తారు. ఇక్కడే నోటీసులో ఒక్క వాక్యం వెతకండి: లైసెన్సు దరఖాస్తుదారు పేరునే ఉండాలా, ఒప్పందం సరిపోతుందా, ఇద్దరు కలిసి వేయొచ్చా? స్పష్టంగా లేకపోతే, టెండర్లు వేసేముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగండి. ఆఫీసులో ఎవరో "పర్లేదులే, వేసేయండి" అన్న మాట కవర్లు తెరిచేనాడు ఎక్కడా కనిపించదు.

ఒప్పందం సరిపోతుందన్నా అందులో మూడు చూసుకోండి: పేరు, ఊళ్లు, గడువు. నేను చూసిన ఒక ఒప్పందం తమ్ముడి పేరున ఉంది, టెండర్ వేసింది అన్న ఫర్మ్ పేరున. ఒకే ఇల్లు, ఒకే కేబుల్. ఫైలు చూసేవాళ్లకి మాత్రం ఇద్దరు వేరే మనుషులు. పని కాలం పూర్తికాకముందే గడువు తీరిపోయే ఒప్పందమూ అంతే, ముందే పొడిగించుకుని పెట్టండి.

ఈ అర్హతలేవీ లేకపోతే మరీ దిగులు పడక్కర్లేదు. టీ కొట్టు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు కూడా పీఎం-వాణి కింద వైఫై ఇవ్వొచ్చు. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పథకం ఇది. కొట్టువాళ్లని పబ్లిక్ డేటా ఆఫీస్ (పీడీఓ) అంటారు. వీళ్లకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు లేదు. వీళ్లని కలిపి నడిపే అగ్రిగేటర్ మాత్రం టెలికాం శాఖ దగ్గర నమోదు కావాలి, దానికీ ఫీజు లేదు. కాబట్టి "పీడీఓ లైసెన్సు ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే, లేని కాగితాన్ని అమ్ముతున్నారన్నమాట. రూటరుకీ, నెట్ కనెక్షన్‌కీ మాత్రం ఖర్చవుతుంది. ఆ కనెక్షన్ ధరకీ 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ హద్దు పెట్టింది: 200 ఎంబీపీఎస్ వరకు, అదే స్పీడుకి ఇళ్లకిచ్చే ప్లాన్ రేటుకి రెట్టింపు మించకూడదు.

టెండరే వేసేవాళ్లు అప్‌లోడ్‌ని చివరి సాయంత్రానికి పెట్టుకోకండి, కరెంటు పోయినా గడువు ఆగదు. ఆ ముందు రోజు పోర్టల్ మళ్లీ తెరిచి సవరణ నోటీసు ఏదైనా వచ్చిందేమో చూసి, ఎక్కించాక వచ్చే రసీదు ప్రింటు తీసి దాచుకోండి.