మెడికోలు హెల్త్ ఈక్విటీ సదస్సు పెట్టాలనుకుంటే

సదస్సు అనగానే అందరూ లోగో, పోస్టర్, ముఖ్య అతిథి దగ్గర మొదలుపెడతారు. మేమూ అక్కడే మొదలుపెట్టి రెండు నెలలు వృథా చేసుకున్నాం. ముందు తేల్చుకోవాల్సింది వేరు: ఇదంతా అయిపోయాక మన ఆస్పత్రిలో ఏ ఒక్కటి మారాలి? "అవగాహన పెరగాలి" అంటే కుదరదు, అది జవాబు కాదు. డాక్టర్ల భాష రాని పేషెంటుకి ఇంటికి వెళ్లేటప్పుడు మందులు ఎలా వాడాలో తన భాషలో చెప్పే మనిషి ఉండాలి, ఇది జవాబు. కూలికి వెళ్లేవాళ్ల కోసం వారంలో ఒక రోజు సాయంత్రం ఓపీ ఉండాలి, ఇదీ జవాబే. అలాంటిది ఒకటి దొరికితే టాపిక్, స్పీకర్లు, ఎవరిని పిలవాలి అన్నీ దాని వెనకే వస్తాయి.

టీమ్‌లో అందరికీ "ఈక్విటీ" అంటే ఏంటో ఒకేలా అర్థమైందా లేదా మొదటి మీటింగ్‌లోనే చూసుకోండి. అందరికీ ఉదయం పది గంటలకే అపాయింట్‌మెంట్ ఇవ్వడం సమానత్వం. ఆ పదింటికి వస్తే ఆ రోజు జీతం పోయేవాళ్లకి ఇంకో సమయం ఇవ్వడం ఈక్విటీ. బ్రిటన్ పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ 1990లో చెప్పిన నిర్వచనం ఇప్పటికీ పనికొస్తుంది: ఆరోగ్యంలో ప్రతి తేడా అన్యాయం కాదు, అనవసరమైనవి, తప్పించగలిగినవి, అన్యాయమైనవి మాత్రమే ఈ లెక్కలోకి వస్తాయి. వయసు పెరిగితే కీళ్లు అరగడం వేరు, ఆస్పత్రి దూరమని కాలు పోగొట్టుకోవడం వేరు.

కాలేజీ పెద్దల దగ్గరికి పర్మిషన్ కోసం వెళ్తే ఎవరో ఒకరు "ఇది మెడిసిన్ కాదు, రాజకీయం" అంటారు, తప్పకుండా అంటారు. వాదించకండి, రెండు సంగతులు చెప్పండి. 1848లో అప్పటి ప్రష్యాలోని అప్పర్ సైలీసియాలో టైఫస్ (పేల వల్ల వచ్చే జ్వరం) వ్యాపిస్తే ప్రభుత్వం పంపిన జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్హో, అప్పటికి 26 ఏళ్లవాడు, తిరిగొచ్చి రాసిన రిపోర్టులో మందులతో ఆగలేదు, చదువు, స్వపరిపాలన, పేదల మీద పన్నుల భారం తగ్గించడం గురించి రాశాడు. మనం చదివే పాథాలజీకి పునాది వేసింది ఆయనే కాబట్టి మెడిసిన్ కాదనడం కష్టం. రెండోది లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. అందరూ ప్రభుత్వ ఉద్యోగులే, అయినా హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ లెక్క తీసేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఒక ఫ్యాకల్టీ సలహాదారుని మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోండి. పేరున్నవాళ్ల కంటే ఫోన్ ఎత్తేవాళ్లే నయం.

తేదీ ఆరు నెలల ముందు పెట్టుకోండి, అన్ని బ్యాచ్‌ల పరీక్షల షెడ్యూలు పక్కన పెట్టుకుని చూడండి. టీమ్ ఎనిమిది మంది దాటితే ఎవరి పనీ ఎవరిదీ కాకుండా పోతుంది. డబ్బులు ఒకరే చూడాలి, లెక్క అందరికీ కనపడాలి. స్పాన్సర్లని తీసుకునేటప్పుడు జాగ్రత్త. మందుల కంపెనీ బ్యానర్ కింద నిలబడి మందుల ధరల గురించి మాట్లాడితే ముందు వరసలో కూర్చున్న జూనియరే నవ్వుతాడు.

అసలు కష్టం స్పీకర్ల దగ్గర. ఇక్కడ మేము చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి వేదిక మీద ఆరుగురు ప్రొఫెసర్లు, చివర్లో "పేషెంట్ అనుభవం" అని పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి పిలిచిన ఆవిడ వీల్‌చైర్‌లో వచ్చారు. వేదికకి నాలుగు మెట్లు ఉన్నాయి, ర్యాంప్ లేదు. హాల్ బుక్ చేసేటప్పుడు ప్రొజెక్టర్, ఏసీ, సీట్లు అన్నీ చూసుకున్నాం, మెట్లు చూడలేదు. ఆవిడ కిందే ఉండి మైక్ పట్టుకుని, "నా ఫైల్‌లో 'సలహా పాటించదు' అని రాశారు, మీ ఫిజియోథెరపీ గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ నెలకి సగం రోజులు పనిచేయదు" అన్నారు. ఆ రోజు ఎవరికైనా గుర్తున్న మాట అదొక్కటే.

అందుకే పేషెంట్లని, ఆరోగ్య కార్యకర్తలని చివర్లో కథ చెప్పించడానికి కాకుండా మొదటి ప్లానింగ్ మీటింగ్‌కే పిలవండి. ఇద్దరు చాలు, కానీ ఏ సెషన్ ఉండాలి, ఏది తీసేయాలి అనే దాంట్లో వాళ్ల మాట చెల్లాలి. రానూపోనూ ఖర్చు, ఆ రోజు పోయే జీతం చేతికివ్వండి, అదీ వచ్చిన రోజే. ప్రొఫెసర్‌కి మెమెంటో సరిపోతుంది, జీతం వదులుకుని వచ్చిన మనిషికి సరిపోదు. ఏం చెప్తారో వాళ్ల ఇష్టం, ఫొటో తీయొచ్చా లేదా విడిగా అడగండి, ఒకసారి ఒప్పుకున్నా తర్వాత వద్దనే హక్కు ఉందని ముందే చెప్పండి. వార్డులో చూసిన కేసులు స్లైడ్‌లో పెడితే పేరు తీసేస్తే సరిపోదు, ఊరూ ఉద్యోగం కలిపితే మనిషి తెలిసిపోతాడు. డేటా సేకరిస్తుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, పోస్టర్ తర్వాత.

బ్రిటన్ డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక మాట రాశాడు, వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువ దొరుకుతుందని. సదస్సు రిజిస్ట్రేషన్ లిస్టూ సరిగ్గా అలాగే తయారవుతుంది, కావాలంటే చూసుకోండి: ఈ విషయం ముందే తెలిసినవాళ్లే వస్తారు. ఫీజు తగ్గించడం, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులని పిలవడం, నైట్ డ్యూటీ చేసినవాళ్లకి మధ్యాహ్నం సెషన్ పెట్టడం, ఇవి కాస్త సాయపడతాయి.

రోజంతా ఉపన్యాసాలు పెట్టకండి. ఒక సెషన్ చేతులతో చేసేది ఉండాలి. పల్స్ ఆక్సీమీటర్ తీసుకోండి, వేలికి క్లిప్‌లా పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది, ప్రతి మెడికోకీ తెలిసిన పరికరమే. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో అది 92 నుంచి 96 శాతం చూపించినా, రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతివాళ్లలో 11.7 శాతం, తెల్లజాతివాళ్లలో 3.6 శాతం. క్లిప్ అందరి వేళ్లకీ పెట్టించి, నంబరు చూశాక ఈ లెక్క చెప్పండి, హాల్ నిశ్శబ్దమైపోతుంది. తర్వాత చిన్న గ్రూపులుగా కూర్చుని, మన వార్డులో ఇలా గుడ్డిగా నమ్మేవి ఇంకేం ఉన్నాయో రాయించండి.

చివరి గంట మొదట్లో రాసుకున్న ఆ ఒక్క మార్పుకే. దానికి సంతకం పెట్టగలిగే మనిషి ఆ గదిలో ఉండాలి, సూపరింటెండెంటో, విభాగం హెడ్డో. ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అక్కడే రాసుకోండి, మూడు నెలల తర్వాత వెళ్లి చూసే బాధ్యత జూనియర్ బ్యాచ్‌కి ఇవ్వండి, ఎందుకంటే అప్పటికి మీరు ఇంటర్న్‌షిప్ డ్యూటీల్లో నిద్ర కూడా మర్చిపోయి ఉంటారు.

వాళ్లకి ఒక ఫైల్ కూడా ఇచ్చి వెళ్లండి. లెక్కలు, ఈమెయిళ్లు, ఎవరు రానన్నారు, ఏ మైక్ మధ్యలో ఆగింది, హాల్లో ర్యాంప్ ఎక్కడుంది. మా ఫైల్లో మొదటి పేజీలో ఉన్నది ఆ నాలుగు మెట్ల ఫొటోనే.