ఇంట్లో చూసిన సినిమా మీద నాలుగు మాటలు రాయాలంటే

"బాగుంది", "బోర్ కొట్టింది", "ఒకసారి చూడొచ్చు". ఇంట్లో సినిమా చూశాక చాలామంది రాసేది ఈ మూడింట్లో ఏదో ఒకటి. రాసింది నిజమే కావచ్చు. కానీ ఆ సినిమా పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి ఆ మాటల వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంట్లో చూడటంతో ఇంకో చిక్కు కూడా ఉంది. థియేటర్లో అందరూ చూసేది ఒకే తెర, వినేది ఒకే శబ్దం. ఇంట్లో ఎవరి టీవీ వాళ్లది, ఎవరి సెట్టింగులు వాళ్లవి, మధ్యలో ఎన్నిసార్లు ఆపారో వాళ్లకే తెలియాలి. అందుకే రాయడానికి కూర్చునే ముందు ఒకటి తేల్చుకోవాలి: నచ్చనిది సినిమాలోనే ఉందా, మనం చూసిన తీరులో ఉందా?

చూసే ముందు పది నిమిషాలు

సినిమాలు సాధారణంగా సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఉంటాయి. చాలా టీవీలు ఆ ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను సొంతంగా కల్పించి ఇరికిస్తాయి. దాంతో కదలిక నున్నగా జారిపోతుంది. ఎంతో శ్రద్ధగా వెలుతురు కూర్చి తీసిన సీను కూడా డైలీ సీరియల్లా కనబడుతుంది. "మేకింగ్ చీప్‌గా ఉంది" అనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఎల్‌జీ టీవీల్లో దీని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. పిక్చర్ సెట్టింగుల్లో బాగా లోపల ఉంటుంది, వెతికి ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీ అయితే ఆ ఒక్కటి ఎంచుకుంటే చాలు. టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ 2019లో ప్రకటించిన ఈ మోడ్, కల్పిత ఫ్రేములతో పాటు అదనపు షార్ప్‌నెస్‌ను కూడా తీసేసి, బొమ్మ కొలతను మార్చకుండా ఉంచుతుంది. అది లేకపోతే సినిమా మోడ్ పెట్టండి. కొన్ని టీవీల్లో సినిమా మోడ్ పెట్టినా కల్పిత ఫ్రేములు ఆగవు కాబట్టి ఆ సెట్టింగును విడిగా చూసుకోవాలి. రంగుల్ని మరీ ముదురుగా చూపించే వివిడ్ మోడ్‌కి అలవాటుపడిన కళ్లకి మొదట్లో బొమ్మ పసుప్పచ్చగా అనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే సర్దుకుంటుంది, వెంటనే వెనక్కి మార్చేయకండి.

"అంతా చీకటి, ఏమీ కనబడలేదు" అని రాసే ముందు రెండు చూడాలి. ఒకటి, కరెంటు ఆదా చేసే సెట్టింగు, గది వెలుతురును బట్టి టీవీ కాంతిని తగ్గించే సెన్సరు. ఈ రెండూ ఆన్‌లో ఉంటే రాత్రి సీన్లు మసిబారిపోతాయి. రెండోది, టీవీకి ఎదురుగా వెలిగే లైటు. తెర మీద దాని ప్రతిబింబం పడుతుంటే ఎంత మంచి ఛాయాగ్రహణమైనా బురదలా కనబడుతుంది. ఆ లైటు తీసేసి టీవీ వెనక చిన్న లైటు పెట్టుకుంటే కళ్లకీ హాయి, నలుపూ నల్లగా కనబడుతుంది. ఇవన్నీ సరిచేశాక కూడా పాత్రల ముఖాలు కనబడకపోతే అప్పుడు ధైర్యంగా ఛాయాగ్రాహకుడిని అడగొచ్చు.

పైనా కిందా నల్లపట్టీలు వస్తే జూమ్ చేసి తెర నింపుకోవద్దు. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.39:1, టీవీది 16:9. మామూలుగా చూస్తే తెర ఎత్తులో పావు వంతు పట్టీలకు పోతుంది. జూమ్ చేస్తే బొమ్మ వెడల్పులో పావు వంతు పక్కలకు పోతుంది, అంటే చివరన నిలబడ్డ మనిషే మాయం. అలా చూసి "ఫ్రేమింగ్ ఇరుకుగా ఉంది" అంటే దర్శకుడికి అన్యాయం.

శబ్దం విషయంలో ఇంట్లో జరిగే పొరపాటు మరీ ఎక్కువ. చుట్టూ అమర్చిన అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం కూర్చిన 5.1 మిక్స్‌లో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరు నుంచి వస్తాయి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి ఆ మొత్తాన్ని కుదించినప్పుడు మాటలు నేపథ్య సంగీతం కింద నలిగిపోతాయి. "బీజీఎం మాటల్ని మింగేసింది" అనిపిస్తే ముందు ఆడియో మెనూలో రెండు స్పీకర్లకి సరిపడే స్టీరియో ట్రాక్ ఉందేమో చూడండి. లేకపోతే మాటలు స్పష్టంగా వినిపించే మోడ్, లేదా పెద్ద శబ్దాలకీ చిన్న శబ్దాలకీ తేడా తగ్గించే నైట్ మోడ్ పెట్టి అదే సీను రెండు నిమిషాలు మళ్లీ వినండి. మాటలు తేలాయా? అయితే ఆ ఫిర్యాదు కొట్టేయండి. ఇయర్‌ఫోన్లతో విన్నా తేడా తెలిసిపోతుంది. కాకపోతే బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా రావచ్చు. పెదవుల కదలిక కన్నా శబ్దం 125 మిల్లీసెకన్ల వరకు వెనకబడినా మనకు పెద్దగా పట్టదు. అది దాటితే మాత్రం నటన కృతకంగా అనిపించడం మొదలవుతుంది, ఎందుకో మనకే అంతుబట్టదు. టీవీలో ఆడియో డిలే అనే సెట్టింగుతో దాన్ని సరిచేసుకోవచ్చు.

ఇక నెట్ సంగతి. నెట్‌ఫ్లిక్స్ తన వీక్షకులకు చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కె కి 15 ఎంబీపీఎస్ కావాలి. వేగం పడిపోతే ముందు దెబ్బతినేవి పొగ, మంచు, చీకటి ఆకాశం. అక్కడ గళ్లు గళ్లుగా, మెట్లు మెట్లుగా కనబడితే అది నెట్‌లో పంపడానికి బొమ్మను కుదించడం (కంప్రెషన్) వల్ల వచ్చిన లోపం, గ్రాఫిక్స్ లోపం కాదు.

ఏ రూపం చూశారు?

సినిమా ఒకటే అయినా చూసిన రూపం వేరు కావచ్చు. డబ్బింగ్‌లో చూశారా, అసలు భాషలోనా, టీవీ కోసం కత్తిరించిందా, పాత సినిమాకి రంగులద్దిందా? 1957 నాటి మాయాబజార్‌కి రంగులు వేసి, సినిమాస్కోప్‌కి మార్చి 2010లో మళ్లీ విడుదల చేశారు. నలుపు తెలుపులో చూసినవారూ, రంగుల్లో చూసినవారూ దాని ఛాయాగ్రహణం గురించి వాదించుకుంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే బొమ్మ గురించి కాదు. కాబట్టి ఏ రూపం చూశారో ఒక ముక్కలో రాసేయండి.

డబ్బింగ్‌లో చూసి "హీరోయిన్ నటన చప్పగా ఉంది" అనిపిస్తే, ఒక భావోద్వేగ సన్నివేశాన్ని అసలు ట్రాక్‌లో అయిదు నిమిషాలు చూడండి. మీరు విన్న గొంతు ఆమెది కాదు కదా. సబ్‌టైటిల్స్‌కీ హద్దులున్నాయి. వరుసకి 42 అక్షరాలు, మొత్తం రెండు వరుసలు అనేది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో బాగా వాడుకలో ఉన్న కొలత. గబగబా మాట్లాడే పాత్ర చెప్పిన దాంట్లో కొంత దానివల్లే రాలిపోతుంది. కామెడీలో రాలేది ఇంకా ఎక్కువ. సబ్‌టైటిల్స్ చదివి "జోకులు పేలలేదు" అనేస్తే అది సగం తీర్పే.

చూస్తున్నప్పుడు

నోట్సు రాసుకుంటే మంచిది, కానీ తక్కువగా. సినిమాకి అయిదారు ముక్కలు మించితే మీరు చూడటం మానేసి గుమాస్తాగిరీ చేస్తున్నట్టే. నిమిషం, దాని పక్కన మూడు నాలుగు మాటలు, అంతే: "41 – తలుపు వెయ్యడు, ఎదురుచూస్తాడు". "నటన సూపర్" అని రాసుకుంటే మర్నాటికి ఏం గుర్తుకు రాదు. తెర మీద జరిగిన పని రాసుకుంటే సీను మొత్తం కళ్లముందుకి వస్తుంది.

ఆపిన ప్రతిసారీ ఎన్నో నిమిషంలో ఆపారో, ఎంతసేపు ఆపారో కూడా రాయండి. రెండు రోజుల్లో మూడు ముక్కలుగా చూసిన సినిమా గురించి "సెకండాఫ్‌లో టెంపో పడిపోయింది" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. టెంపో పడిపోయిన చోటా, మీరు లేచి వెళ్లిన చోటా ఒకటే అయితే ఆ మాట రాయకండి. తప్పక ఆపాల్సి వస్తే ఇంటర్వెల్ కార్డు దగ్గర ఆపండి. అది లేని సినిమా అయితే సీను పూర్తయి చోటు మారినప్పుడు ఆపండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

1.5 రెట్ల వేగంతో చూస్తే 150 నిమిషాల సినిమా 100 నిమిషాల్లో అయిపోతుంది. కథ తెలుస్తుంది, నిశ్శబ్దాలు పోతాయి. అలా చూసినవాళ్లు కథ గురించి రాయొచ్చు గానీ నటన, ఎడిటింగ్, సంగీతం జోలికి వెళ్లకూడదు.

ల్యాగ్ అంటే ఏమిటి?

ఎక్కువగా వాడి, తక్కువగా వివరించే మాట ఇదే. కాస్త విడదీసి చూడాలి, ఎందుకంటే "ల్యాగ్" అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి.

మొదటిది, చెప్పిందే చెప్పడం. అన్నదమ్ములకి పడదని ఒక సీనులో తెలిసింది, తర్వాతి సీనులో పక్కింటాయన అదే చెప్పాడు, ఆ తర్వాత పాటలోనూ అదే. రెండోది, పని అయిపోయినా సీను ముగియకపోవడం. ఉత్తరం చదివేశాడు, మనకి విషయం అర్థమైంది, ఇంకా నలభై సెకన్లు ముఖం మీదే కెమెరా. మూడోది, మనకి ముందే తెలిసిపోయిన సంగతి పాత్రలకి తెలియడానికి అరగంట పట్టడం. ఇది ఒక్కోసారి లోపం, ఒక్కోసారి కావాలని పెట్టిన ఉత్కంఠ. ఆ అరగంటలో మీరు భయపడ్డారా, విసుక్కున్నారా అన్నదే తేడా. నాలుగోది, మీ అలసట. దీన్ని సినిమా ఖాతాలో వేయకూడదు.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. విసుగు పుట్టిన చోటు నుంచి పది నిమిషాలు వెనక్కి వెళ్లండి. అక్కణ్నుంచి ఒక్కో సీను చూసి, "ఇప్పుడు కొత్తగా ఏం తెలిసింది, ఎవరి పరిస్థితి మారింది?" అని ఒక్కో ముక్క రాయండి. వరసగా మూడు సీన్లకి అదే జవాబు వస్తే లోపం సినిమాదే. అప్పుడు "ల్యాగ్" అనక్కర్లేదు. "హీరో అప్పుల్లో ఉన్నాడని చెప్పడానికి మూడు సీన్లు తీసుకున్నారు" అనొచ్చు. ప్రతి సీనుకీ కొత్త జవాబు వస్తే మాత్రం మర్నాడు తెరిపిన పడ్డాక ఆ భాగం మళ్లీ చూడండి.

"లాజిక్ లేదు" అనే మాటకి కూడా ఇలాంటి పరీక్షే పెట్టాలి. బయటి ప్రపంచంలో అలా జరగదు అన్నది ఒక ఫిర్యాదు, సినిమా తానే పెట్టుకున్న నియమాన్ని తప్పింది అన్నది వేరే ఫిర్యాదు. దెయ్యం గోడలోంచి వస్తే తప్పు లేదు. మొదట ఉప్పు గీత దాటలేని దెయ్యం చివర్లో కారణం లేకుండా దాటేస్తే తప్పు. రెండో రకాన్ని పట్టుకుంటేనే రాసిన మాటకి బలం.

రాసేటప్పుడు

సినిమా అయిన వెంటనే ఎవరి రివ్యూ చదవకుండా, ఎవరి రేటింగూ చూడకుండా మూడు వాక్యాలు రాసి పక్కన పెట్టండి. మర్నాడు చూసుకుంటే అందులో కోపమో, ఉత్సాహమో కాస్త దిగి ఉంటుంది. రాత్రికి రాత్రి గుర్తుండిపోయిన సీను ఏదైనా ఉంటే దానికే పెద్దపీట వేయండి.

యాభై నుంచి నూట ఇరవై మాటలు సరిపోతాయి. కథ చెప్పడం రెండు వాక్యాలు దాటకూడదు. మొదటి పావు భాగం తర్వాత జరిగేది బయటపెట్టకండి. 140 నిమిషాల సినిమా అయితే 35వ నిమిషం దాకానే. "క్లైమాక్స్‌లో ట్విస్ట్ ఊహించలేరు" అనడం కూడా బయటపెట్టడమే. చదివినవాళ్లు ఆ ట్విస్ట్ కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు. తర్వాత, మీ తీర్పుకి ఆధారంగా ఒకే ఒక సీను. ఆఖర్న, ఎవరికి నచ్చుతుందో కాకుండా ఏది ఇష్టపడేవాళ్లకి నచ్చుతుందో. "యూత్‌కి నచ్చుతుంది" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు.

నమూనాకి ఒకటి:

"అసలు భాషలో, సబ్‌టైటిల్స్‌తో, ఒకసారి ఆపి చూశాను. ఊరొదిలి వెళ్లిన కూతురు తండ్రి పొలం అమ్మడానికి తిరిగొస్తుంది. మాటలు తక్కువ. తండ్రి బోరుబావి మోటారు విప్పి, తుడిచి, మళ్లీ బిగించే సీను ఉంది. కూతురు పక్కన నిలబడి ఒక్కో నట్టూ అందిస్తుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు, అయినా రాజీ కుదిరిందని అర్థమవుతుంది. లాయరు వచ్చిన ప్రతిసారీ మాత్రం మనకి తెలిసిన సంగతే మళ్లీ వివరిస్తాడు. కొట్లాటల కన్నా ఇంట్లోవాళ్ల మధ్య మౌనం మీద ఆసక్తి ఉన్నవాళ్లు చూడండి."

ఇందులో "అద్భుతం" లేదు, "డిజాస్టర్" లేదు. అయినా ఈ సినిమా తనకి పడుతుందో లేదో చదివిన మనిషి తేల్చుకోగలడు.

రేటింగు ఇవ్వకపోయినా పోయేదేం లేదు. ఇస్తానంటే ముందు మీ కొలబద్ద తయారుచేసుకోండి: అయిదుకి అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఒక్కో అంకెకి మీరు బాగా ఎరిగిన సినిమా ఒకటి. కొత్తది చూసినప్పుడల్లా ఆ వరసలో ఎక్కడ నిలబడుతుందో చూసి వేయండి. ఇలా చేయకపోతే ఆ రోజు మూడ్‌ని బట్టి అంకెలు ఊగుతాయి. అందరూ మూడున్నర దగ్గరే తచ్చాడటానికి కారణం కూడా ఇదే.

సగంలో వదిలేసిన సినిమా గురించి కూడా రాయొచ్చు, ఎన్నో నిమిషంలో వదిలేశారో, ఏ సీను దగ్గరో చెప్తే చాలు. అంకె మాత్రం వేయొద్దు. రెండోసారి చూసి అభిప్రాయం మారితే పాతది చెరిపేయకుండా కింద తేదీ వేసి కొత్తది చేర్చండి. రెండోసారి ఏ టీవీలో, ఏ సౌండుతో చూశారో కూడా రాయండి. మారింది మీరా, ఆ సెట్టింగులా అన్నది అక్కడే దొరుకుతుంది.